పాత కారు ఇచ్చి సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు తీసుకుంటున్నారా? ధర న్యాయంగా ఉందో లేదో ఇలా తేల్చుకోండి

నా మొదటి స్పోర్ట్స్ కారు కొనేటప్పుడు నా పాత కారుకి మూడు చోట్ల దాదాపు ఒకే ధర చెప్పారు. నాలుగో చోట డీలర్ అంతకంటే బాగా ఎక్కువ ఇస్తానన్నాడు, నేను ఎగిరి గంతేసి అక్కడికక్కడే సరే అనేశాను. కొన్నాళ్ల తర్వాత ఫోన్‌లో పాత ఫోటోలు చూస్తుంటే నేనే తీసిపెట్టుకున్న ఒక స్క్రీన్‌షాట్ కనిపించింది. అదే కారు, అదే నంబరు ప్లేటు, నేను కొనడానికి రెండు వారాల ముందు నేను కట్టిన దానికంటే చాలా తక్కువకి ప్రకటనలో ఉంది. నా పాత కారు మీద ఎక్కువ ఇచ్చినదంతా ఆయన తన కారు ధరలో కలిపేసి, పైన ఇంకొంచెం వేసుకున్నాడన్నమాట. ఈ చేత్తో ఇచ్చి ఆ చేత్తో లాక్కోవడం. ఆయన్ని తిట్టుకున్నా గానీ తప్పు నాదే, నేను చూసింది నా కారుకి ఎంత ఇస్తున్నాడన్న ఒక్క అంకెనే.

ఎక్స్‌చేంజ్‌లో అంకెలు మూడుంటాయి. మీ కారుకి ఇచ్చేది, వాళ్ల కారుకి అడిగేది, ఆ రెండింటి మధ్య మీ జేబులోంచి పోయే తేడా. మొదటి రెండింటినీ డీలర్ ఎటు కావాలంటే అటు జరపగలడు. మీ చేతికి తగిలేది మూడోది మాత్రమే. అయితే ఆ తేడా న్యాయమో కాదో తెలియాలంటే మొదటి రెండూ డీలర్ నోటి నుంచి కాకుండా మీరే ముందుగా, విడివిడిగా తేల్చుకుని ఉండాలి. మామూలు కారైతే ఇంతటితో అయిపోతుంది, స్పోర్ట్స్ కారుకి మాత్రం నాలుగో అంకె ఇంకోటుంది: కొన్న మొదటి ఏడాదిలో దానికి పెట్టాల్సిన ఖర్చు. చాలామంది మునిగేది ఇక్కడే.

1. ముందు మీ కారు సంగతి తేల్చండి

స్పోర్ట్స్ కారు చూడ్డానికి వెళ్లకముందే ఈ పని అయిపోవాలి. దాన్ని చూశాక మీ బుర్ర మీ మాట వినదు.

మీ కారుకి రెండు ధరలుంటాయి. నేరుగా ఇంకో మనిషికి అమ్మితే వచ్చేది ఒకటి, డీలర్ కొంటే ఇచ్చేది ఇంకొకటి. రెండోది ఎప్పుడూ తక్కువే ఉంటుంది, అది మోసం కాదు. ఆయన దాన్ని కడిగి, సొట్టలు తీయించి, అమ్ముడయ్యేదాకా స్థలమూ వడ్డీ భరించి, తర్వాత ఏదైనా చెడిపోతే మాట పడి, చివర్లో లాభం చూసుకోవాలి కదా. లెక్క తేలిగ్గా ఉండాలని, మీరే అమ్ముకుంటే 100 వస్తుందనీ డీలర్లు 85 ఇస్తారనీ అనుకుందాం. ఈ 85 మీ ఊహ కాకూడదు. కనీసం మూడు చోట్ల, ఏ కారూ కొనకుండా ఉత్తినే అమ్మేస్తే ఎంతిస్తారో అడిగి, కాగితం మీదో మెసేజ్‌లోనో రాయించుకోండి, అది ఎన్ని రోజులు చెల్లుతుందో కూడా.

ధర అడగడానికి ముందు కారు శుభ్రంగా కడిగించండి, రెండో తాళం, సర్వీస్ కాగితాలు వెతికి పెట్టండి. పెద్ద రిపేర్లు మాత్రం చేయించొద్దు. మీరు బయట పెట్టే ఖర్చులో డీలర్ లెక్కకి వచ్చేది తక్కువ, ఆయనకి ఆ పని మీకంటే చవగ్గా అవుతుంది. కారు మీద లోన్ ఉంటే ఈ రోజు మూసేయడానికి ఎంత కట్టాలో బ్యాంకు నుంచి తెప్పించుకోండి. లోన్ బాకీ 85 కంటే ఎక్కువుంటే ఆ మిగతా బాకీ నిశ్శబ్దంగా కొత్త లోన్‌లోకి జారిపోతుంది, మీరు గమనించకపోతే ఎవరూ చెప్పరు.

2. వాళ్ల కారు అసలు ధర

ప్రకటనలో ఉన్నది ధర కాదు, కోరిక. నాలుగు ప్రకటనలు చూసి సగటు తీస్తే నాలుగు కోరికల సగటు వస్తుంది, అంతే. మీకు కావాల్సింది అమ్ముడైన ధరలు. ఆన్‌లైన్ వేలాల్లో ఆఖరి పాట ఎంతకి ఆగిందో అందరికీ కనిపిస్తుంది కాబట్టి అవి మంచి ఆధారం, కాకపోతే వేలం రుసుము కలిపారో లేదో చూసుకోండి, రిజర్వ్ ధర (అమ్మేవాడు ముందే పెట్టుకున్న కనీస ధర) అందక అమ్ముడు కాకుండా మిగిలిపోయిన వాటిని అమ్మకాల్లో వేసుకోకండి. వేలం లేని మోడల్ అయితే రెండు నెలల పాటు ప్రకటనలు గమనిస్తూ ఏది వారంలో మాయమైంది, ఏది మూడుసార్లు ధర తగ్గించుకుని ఇంకా అక్కడే పడుంది అని రాసుకోండి. వారంలో పోయింది మార్కెట్ ధర దగ్గరో అంతకంటే తక్కువకో ఉన్నట్టు, నెలల తరబడి ఉన్నది ఎక్కువకి ఉన్నట్టు. ప్రతి ప్రకటనకీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. నాలాగా కొన్న తర్వాత చూడకండి, ముందే చూడండి.

పోల్చేటప్పుడు పేరు ఒకటే అయితే చాలదు. పోర్షే 911 అన్న పేరు 1960ల నుంచి నడుస్తోంది, అందులో తరం మారితే ఇంజనే మారిపోతుంది. ఒకే మోడల్లో గేర్‌బాక్స్‌ని బట్టి కూడా ధర బాగా మారుతుంది. ఫెరారీ ఎఫ్430, మొదటి తరం ఆడి ఆర్8 లాంటి వాటిలో చేత్తో గేర్లు మార్చే కారు, స్టీరింగ్ వెనక పాడిల్స్ ఉన్న కారు కంటే చాలా ఎక్కువ పలుకుతుంది. కాబట్టి ఒకే తరం, ఒకే ఇంజన్, ఒకే గేర్‌బాక్స్, దగ్గర దగ్గర కిలోమీటర్లు, ఇలా వడకట్టాక మిగిలే ఐదారు కార్లే మీకు పనికొచ్చేవి. టాప్ తెరిచే కార్ల ధరలు చలికాలంలో కొంచెం మెత్తబడి ఎండలు రాగానే బిగుసుకుంటాయి, తొందర లేకపోతే ఇది వాడుకోవచ్చు.

మన లెక్కలో మంచి కండిషన్లో ఉన్న ఇలాంటి కార్లు 240కి అమ్ముడవుతున్నాయి, డీలర్ 260 అడుగుతున్నాడు అనుకుందాం.

3. కిలోమీటర్లు తక్కువ అనగానే పొంగిపోవద్దు

స్పోర్ట్స్ కార్ల అమ్మకంలో అన్నిటికంటే ఎక్కువ అరిగిపోయిన మాట ‘చాలా తక్కువ తిరిగింది’. తక్కువ తిరిగిన కారుకి ఎక్కువ ధర రావడం నిజమే, కానీ ఏళ్ల తరబడి కదలకుండా నిలబడిన కారుకి సీళ్లు ఎండిపోతాయి, పెట్రోలు పాడవుతుంది, టైర్లు గట్టిపడతాయి, రబ్బరు గొట్టాలు పగుళ్లిస్తాయి. టైమింగ్ బెల్ట్ (ఇంజన్ లోపలి భాగాల్ని ఒకదానితో ఒకటి సరిగ్గా కలిపి తిప్పే పట్టీ) లాంటివి కిలోమీటర్లతో పాటు ఏళ్లు గడిచినా మార్చాల్సిందే. ఫెరారీ ఎఫ్355లో ఆ బెల్టులు మార్చడానికి ఇంజన్ మొత్తం కిందికి దించాలి, దాని తర్వాతి 360లో సీట్ల వెనక నుంచి చేయొచ్చు, ఎఫ్430కి వచ్చేసరికి బెల్టుల బదులు చెయిన్లు పెట్టారు. మూడింటి ధరలూ పోల్చుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి మర్చిపోతే లెక్కంతా తలకిందులు. ఏటా కొంచెం తిరిగి, ఏటా సర్వీస్ అయిన కారుని, అందులో సగం తిరిగి పదేళ్లు గ్యారేజీలో నిద్రపోయిన కారు కంటే నేనైతే ఎక్కువ పెట్టి కొంటాను.

సర్వీస్ పుస్తకంలో ముద్రలు లెక్కపెట్టడం కాదు, బిల్లులు చదవండి. ముద్ర ఎవరైనా వేయగలరు. బిల్లులో తేదీ, కిలోమీటర్లు, మార్చిన పార్టు, వాడిన ఆయిల్ ఉంటాయి. వరసగా పేర్చి చూస్తే మధ్యలో మూడేళ్ల ఖాళీ కనబడొచ్చు, లేదా ఒక ఏడాది 60,000 ఉన్న రీడింగ్ మరుసటి ఏడాది 48,000 అయి ఉండొచ్చు, అంటే మీటరు వెనక్కి తిప్పారని అర్థం. డీలర్ ‘కాగితాలు పాత ఓనర్ దగ్గరున్నాయి, తెప్పిస్తాం’ అంటే, తెప్పించేదాకా ఆ కాగితాలు లేవనే లెక్క వేసుకోండి, ధర కూడా అలాగే.

4. ఆ మోడల్‌కి పుట్టుకతో వచ్చిన జబ్బేంటి?

ప్రతి స్పోర్ట్స్ కారుకీ ఒక పేరుమోసిన బలహీనత ఉంటుంది. ఆ రిపేరు జరిగిందా లేదా అన్నదే ఒకే రంగు, ఒకే ఏడాది ఉన్న రెండు కార్ల మధ్య ధర తేడాని చాలాసార్లు నిర్ణయిస్తుంది.

పోర్షే తీసుకోండి. 996 తరం 911, మొదటి బాక్‌స్టర్, తర్వాత వచ్చిన 997లో తొలి మోడళ్లు, వీటి ఇంజన్లో ఐఎంఎస్ అనే షాఫ్ట్‌కి ఉండే బేరింగ్ ఒక్కోసారి విరిగిపోతుంది, విరిగితే ఇంజన్ మొత్తం పోయినట్టే. అదే కాలంలోని టర్బో, జీటీ3 కార్లలో ఉన్నది వేరే ఇంజన్, వాటికి ఈ గొడవ లేదు. 2009 మోడల్ నుంచి వచ్చిన కొత్త ఇంజన్లో ఆ షాఫ్టే తీసేశారు. కాబట్టి 2008 కారుకీ 2009 కారుకీ ధరలో తేడా కనబడితే అది ఒక్క ఏడాది వయసు తేడా కాదు. బేరింగ్ మార్చినట్టు బిల్లు ఉంటే దానికి విలువ కట్టండి. ‘మార్చేశాం సార్’ అన్న మాటకి విలువ సున్నా.

ఈ46 తరం బీఎండబ్ల్యూ ఎం3లో వెనక సబ్‌ఫ్రేమ్ (వెనక చక్రాల సస్పెన్షన్‌ని మోసే చట్రం) బిగించే చోట నేల రేకు పగులుతుంది, కారుని లిఫ్ట్ ఎక్కించి కింద నుంచి చూస్తే తప్ప తెలియదు. దాని తర్వాత వచ్చిన వీ8 ఎం3లో కనెక్టింగ్ రాడ్ బేరింగులు అరుగుతాయి, ముందు జాగ్రత్తగా మార్చిన కారుకి అందుకే ఎక్కువ అడుగుతారు, అడగడం న్యాయమే. మాజ్డా ఆర్ఎక్స్-8లో ఉన్నది రోటరీ ఇంజన్, అంటే పిస్టన్ల బదులు మూడు ముఖాల రోటర్లు తిరిగేది. దాని కంప్రెషన్ (ఇంజన్ లోపల పుట్టే ఒత్తిడి) చూడడానికి మామూలు గేజ్ సరిపోదు, ఒక్కో రోటర్‌కి మూడు ముఖాల చొప్పున రెండు రోటర్లకి ఆరు రీడింగులు ఇచ్చే ప్రత్యేక పరికరం కావాలి. ఆ ఆరు అంకెలూ లేకుండా ఆర్ఎక్స్-8కి ఎంత ధర చెప్పినా అది లాటరీ టికెట్ ధరే. పాత మాజ్డా ఎంఎక్స్-5 ఇంజన్ గట్టిపిండం, కానీ తలుపుల కింద ఉండే సిల్స్ తుప్పు పడతాయి, పైన మెరిసే రంగు చూసి మోసపోవద్దు. పైన పటారం లోన లొటారం అన్న మాట ఈ కారు కోసమే పుట్టిందా అనిపిస్తుంది.

మీరు చూస్తున్న మోడల్ ఇక్కడ లేకపోతే, దాన్నే రోజూ బాగుచేసే మెకానిక్‌ని ఒక్క ప్రశ్న అడగండి: ఈ కారు మీ దగ్గరికి దేనికోసం ఎక్కువగా వస్తుంది? ఐదు నిమిషాల ఆ కబురు పది రివ్యూల పెట్టు.

5. కొనేముందు తనిఖీ, డీలర్ మెకానిక్‌తో కాదు

డబ్బిచ్చి, మీకు మాత్రమే సమాధానం చెప్పే మెకానిక్‌తో, లిఫ్ట్ మీద చూపించండి. డీలర్ కారుని బయటికి ఇవ్వనంటే మెకానిక్‌నే అక్కడికి తీసుకెళ్లండి. దానికీ ఒప్పుకోకపోతే ధర గురించి ఇక ఆలోచించక్కర్లేదు, ఇంకో కారు చూసుకోండి.

వెళ్లేముందు ఇంజన్ వేడి చేసి పెట్టొద్దని చెప్పండి. చల్లని ఇంజన్ మొదటిసారి స్టార్ట్ అయినప్పుడు వచ్చే చప్పుడు, పొగ చాలా నిజాలు చెప్తాయి. మీరు వెళ్లేసరికి బానెట్ వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి, మొహమాటం వద్దు.

రంగు మందం కొలిచే చిన్న గేజ్ ఒకటి ఉంటుంది. ఫ్యాక్టరీ రంగు చాలా కార్లలో సుమారు 80 నుంచి 160 మైక్రాన్ల మధ్య ఉంటుంది. మిగతా కారంతా 120 చూపిస్తూ ఒక తలుపు మాత్రం 300 చూపిస్తే ఆ తలుపుకి మళ్లీ రంగు వేశారు, అంతకంటే చాలా ఎక్కువ వస్తే కింద పుట్టీ కూడా ఉండొచ్చు. మళ్లీ రంగు వేసినంత మాత్రాన ప్రమాదం జరిగిందని కాదు, గీతలకీ వేయిస్తారు, కానీ ఎందుకు వేశారో చెప్పాలి. అల్యూమినియం బాడీ అయితే దాన్నీ కొలవగల గేజ్ కావాలి, షెవర్లే కార్వెట్ లాంటి ఫైబర్ బాడీ మీద మామూలు గేజ్ పనే చేయదు.

టైరు పక్కన నాలుగు అంకెల తేదీ కోడ్ ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారం. గాడి నిండుగా ఉన్నా వయసు మీరిన టైరు స్పోర్ట్స్ కారు మీద పనికిరాదు, నాలుగు టైర్ల ఖర్చు లెక్కలో రాసుకోండి. నాలుగూ ఒకే కంపెనీవి కాకుండా తలా ఒకటీ ఉంటే పాత ఓనర్ చేయి ఎంత బిగువో కూడా తెలిసిపోతుంది. కార్బన్ సిరామిక్ బ్రేకులుంటే డీలర్ గొప్పగా చూపిస్తాడు. అవి అరిగాయో లేదో మందం ఒక్కటే చూసి చెప్పలేం, డిస్క్ తీసి బరువు తూచి, దాని మీద ముద్రించిన కనీస బరువుతో పోల్చాలి. కొత్తవి వేయించాల్సి వస్తే అసలు కంటే కొసరు ఎక్కువయ్యే ప్రమాదముంది.

తర్వాత కంప్యూటర్ పెట్టి చదివించడం. ఎర్రర్ కోడ్లు ఏమీ లేవంటే సంతోషించకండి, ఉదయమే చెరిపేసి ఉండొచ్చు. చెరిపినప్పుడు కారు తనను తాను పరీక్షించుకునే రెడీనెస్ మానిటర్లు కూడా ఖాళీ అవుతాయి, కొంత దూరం నడిస్తే గానీ మళ్లీ పూర్తవవు. అవన్నీ అసంపూర్తిగా కనబడితే ఎందుకని అడగండి. పోర్షేల్లో ఇంకో మంచి సౌకర్యముంది: ఇంజన్ పరిమితికి మించి ఎన్నిసార్లు తిరిగిందో శ్రేణులవారీగా నమోదై ఉంటుంది, చివరిసారి ఇంజన్ ఎన్ని గంటలు నడిచాక అలా జరిగిందో కూడా. పై శ్రేణుల్లో అంకెలు ఉన్నాయంటే ఎవరో పై గేరు వేయబోయి కింది గేరు వేశారని అనుమానించాలి. అదే రిపోర్టులో ఇంజన్ మొత్తం నడిచిన గంటలుంటాయి, కిలోమీటర్లని ఆ గంటలతో భాగిస్తే సగటు వేగం వస్తుంది, అది మరీ తక్కువగా వస్తే మీటరు మీద అనుమానపడాల్సిందే. ఇంత చిన్న భాగహారంతో ఇంత పెద్ద అబద్ధం దొరకడం నాకు భలే ఇష్టం.

6. మార్పులు చేసిన కారు

ఎగ్జాస్ట్ మార్చాం, రీమ్యాప్ చేయించాం (అంటే పవర్ పెరిగేలా ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్పించాం), కారు ఎత్తు తగ్గించాం, ఇంత ఖర్చయింది అని బిల్లులు చూపిస్తే ఆ ఖర్చు ధరలో కలపకండి. మార్పులకి పెట్టిన డబ్బు తిరిగి రావడం అరుదు, చాలా మోడళ్లలో ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉన్న కారుకే ఎక్కువ విలువ. రీమ్యాప్ ఉందంటే క్లచ్, గేర్‌బాక్స్ మీద ఎక్కువ బరువు పడిందని కూడా అర్థం. తీసేసిన అసలు పార్టులు అట్టపెట్టెల్లో భద్రంగా ఉంటే అది వేరే సంగతి, వాటిని కూడా ఇవ్వమని అడగండి.

7. నాలుగో అంకె

ఇప్పుడు కాగితం మీద పెట్టండి. తనిఖీలో టైర్లకి 5, క్లచ్‌కి 8, గడువు దాటిన పెద్ద సర్వీస్‌కి 7 తేలింది, మొత్తం 20. మంచి కండిషన్ కార్ల ధర 240 కాబట్టి ఈ కారు న్యాయమైన ధర 220. మీ కారు 85. న్యాయమైన తేడా 135. ఆ అంకె చుట్టూ గుండ్రంగా గీత గీసి పెట్టుకోండి, బేరంలో మీరు చూడాల్సింది అదొక్కటే.

డీలర్ ‘మీ కారుకి 100 ఇస్తా’ అంటాడు. వినడానికి ఎంత బాగుందో! తన కారు 260 నుంచి తగ్గనంటాడు, తేడా 160. ఇంకొకాయన మీ కారుకి 80 అని అవమానించినట్టు చెప్పి, అలాంటి స్థితిలోనే ఉన్న కారుని 220కి ఇస్తాడు, తేడా 140. ఆ 80 మీద అలిగి లేచొచ్చేస్తే నష్టం మీకే.

మీ కారు మీరే అమ్ముకుంటే? 100 వస్తుంది, ప్రకటనలకీ చిన్నచిన్న పనులకీ 4 పోతే 96. అంటే ఎక్స్‌చేంజ్ సౌకర్యానికి మీరు 11 కడుతున్నారు. అపరిచితులతో బేరాలు, టెస్ట్ డ్రైవులు, టెన్షన్ తప్పినందుకు అది ఎక్కువో తక్కువో మీ ఇష్టం. అయితే కొన్ని చోట్ల అమ్మకం పన్ను మొత్తం ధర మీద కాకుండా తేడా మీద మాత్రమే వేస్తారు. పన్ను 10 శాతం అనుకుంటే, 220 మీద 22 బదులు 135 మీద 13.5 కడతారు, 8.5 మిగులుతుంది, అప్పుడు ఆ 11 కాస్తా 2.5కి దిగిపోతుంది. మీ దగ్గర పద్ధతి ఏదో ముందే కనుక్కోండి.

8. కుర్చీలో కూర్చున్నాక

ముందు వాళ్ల కారు ధర మాట్లాడండి, అది తేలి రాసుకున్నాక మీ కారు విషయం తీయండి. మీ కారు ఉందని మొదట్నుంచీ తెలిసిపోయినా ఫర్వాలేదు, మీ దగ్గర తేడా అంకె ఉంది కదా. ‘నెలకి ఎంతైతే కట్టగలరు సార్?’ అన్న ప్రశ్నకి మాత్రం జవాబు చెప్పకండి. నెలసరి వాయిదా ఒక్కటి పట్టుకుంటే గడువు సాగదీసి ఏ ధరనైనా అందులో ఇరికించొచ్చు.

తనిఖీ రిపోర్టు బల్ల మీద పెట్టి, ఈ 20 మీరు చేయించి ఇస్తారా, ధరలో తగ్గిస్తారా అని అడగండి. నేనైతే తగ్గింపే అడుగుతాను, ఎందుకంటే వాళ్లు చేయించే క్లచ్ ఏ రకం పార్టుతో, ఎవరి చేత్తో అవుతుందో నాకు తెలియదు. ఎంత తగ్గినా 145 దగ్గర ఆగిపోయారనుకోండి, మంచి చరిత్ర ఉన్న అరుదైన కారైతే ఆ 10 ఇవ్వొచ్చు, అలాంటివి నెలకి ఐదు దొరుకుతుంటే ఇవ్వక్కర్లేదు. ‘ఈ రోజు దాటితే ఈ రేటు ఉండదు’ అంటే, నెలల తరబడి అక్కడే ఉన్న ఆ కారు స్క్రీన్‌షాట్లు మీ ఫోన్‌లో ఉన్నాయని గుర్తు తెచ్చుకోండి.

9. సంతకం పెట్టేముందు

కాగితం మీద మూడు అంకెలూ విడివిడిగా ఉండాలి, ఆఖర్న వచ్చే తేడా మీరు ఒప్పుకున్నదే అయి ఉండాలి. డాక్యుమెంట్ చార్జీలు, పాలిష్ ప్యాకేజీలు, మీరు అడగని వారంటీలు అక్కడ మొలిచి ఉంటే కొట్టేయించండి. మీ పాత లోన్ ఏ తేదీలోపు వాళ్లు మూసేస్తారో రాయించండి, వాళ్లు ఆలస్యం చేస్తే వాయిదా తప్పినట్టు మీ పేరు మీదే పడుతుంది. ఛాసిస్ నంబరు కారు మీదా కాగితాల మీదా ఒకటేనా అని మీరే చదివి చూడండి. రెండు తాళాలు, సర్వీస్ బిల్లుల ఫైలు, అట్టపెట్టెల్లోని అసలు పార్టులు, అల్లాయ్ వీల్ లాక్ నట్ విప్పే ఆ చిన్న సాకెట్, ఇవన్నీ చేతికి వచ్చాకే మీ పాత కారు తాళం ఇవ్వండి. ఆ సాకెట్ లేక నేను మొదటి పంక్చర్ రోజు రోడ్డు పక్కన మూడు గంటలు కూర్చున్నాను.